పాటతో జపనీస్: వైజాగ్ ఆన్‌లైన్ బ్యాచ్‌కి ఒక పద్ధతి

అనిమే (జపాన్ కార్టూన్ సీరియల్) ఓపెనింగ్ పాట మొదటి నుంచి చివరిదాకా పొల్లు పోకుండా పాడేసి, "మీ ఇల్లెక్కడ" అని జపనీస్‌లో అడిగితే మాత్రం నోరు పెగలని కుర్రాళ్ళు వైజాగ్‌లో ఏ కాలేజీకి వెళ్ళినా కనిపిస్తారు. తప్పు పాటది కాదు. ముందు పాడేసి, అర్థం తర్వాతెప్పుడో చూసుకుందాం అనుకునే వరసది. బ్యాచ్ నడిపేవాళ్ళు ఈ వరస తిప్పేయాలి. ముందు వినాలి, తర్వాత మాటగా చదవాలి, ఆ తర్వాత విడగొట్టి తెలుగులో పెట్టుకోవాలి, ఆ వాక్యాలనే సొంతానికి వాడుకోవాలి. పాడటం అన్నిటికన్నా ఆఖర్న. ఒక్కో పాటకి గంట చొప్పున నాలుగు క్లాసులు పడతాయి. వారానికి రెండు క్లాసులనుకుంటే రెండు వారాలకో పాట. అంతకన్నా తొందరపడితే పాటలు పోగవుతాయి గానీ భాష పోగవదు.

మొదలుపెట్టేనాటికి హిరగన అనే జపనీస్ లిపి చదవడం వచ్చి ఉండాలి. 46 అక్షరాలే, రోజుకి అయిదు నేర్చుకుంటే పది రోజుల పని. కతకన (విదేశీ మాటలు రాసే లిపి) పాటలతోపాటే అలవాటవుతుంది. కంజి (చైనా నుంచి వచ్చిన బొమ్మ అక్షరాలు) పక్కన హిరగనలో ఉచ్చారణ వేసిన సాహిత్యం దొరుకుతుంది కాబట్టి కంజి రాకపోయినా మొదటి నెలల్లో ఇబ్బంది లేదు. ఆ చిన్న అక్షరాల్ని ఫురిగన అంటారు, ఉతాతెన్ లాంటి జపాన్ సైట్లలో ప్రతి పాటకీ ఉంటాయి. ఈ సైట్లలో చాలావాటిలో కాపీ పని చెయ్యదు. అది మంచికే: పాటలో తిరిగి తిరిగి వచ్చే ముఖ్యభాగాన్ని అక్కడ సబి అంటారు, ఆ ఎనిమిది లైన్లూ నోట్‌బుక్‌లో చేత్తో దింపుకోమనండి. సాహిత్యం మొత్తం పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో తిప్పకండి, హక్కులు ఉన్న సరుకు అది. లింకు ఇస్తే సరిపోతుంది.

బ్యాచ్, టైము, ఆడియో

బ్యాచ్‌కి ఆరుగురు నుంచి ఎనిమిది మంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, ఆపైన ఉంటే కాల్ 60 నిమిషాలకి ఆగిపోతుంది, జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే. గంటలో ఒక్కొక్కరికీ మూడేసి నిమిషాలు ఒంటరిగా చదివే వీలుండాలంటే ఎనిమిది మందికే 24 నిమిషాలు పోతాయి. పదిహేను మందిని చేర్చుకుంటే సగం మంది ప్రేక్షకులే.

గాజువాక నుంచి మధురవాడకి పాతిక కిలోమీటర్ల పైమాట, సాయంత్రం ట్రాఫిక్‌లో ఎవరూ రారు. అందుకే ఆన్‌లైన్ సుఖం. స్టీల్‌ప్లాంటులోనో అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లోనో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్ళు బ్యాచ్‌లో ఉంటే వారమధ్యలో రాత్రి 8.30కి ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి పెట్టుకోండి. రెండిట్లో ఒకటైనా అందరికీ కుదురుతుంది. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. ఎప్పుడైనా జపాన్ మనిషిని పిలవాలంటే ఆదివారం పొద్దున ఎనిమిదే సరైన టైము, అక్కడ పదకొండున్నర. మన రాత్రి 8.30 అంటే అక్కడ అర్ధరాత్రి.

ఆన్‌లైన్‌లో అందరూ కలిసి పాడటం కుదరదు. కలిసి వాయించేవాళ్ళకి ఒకరి చప్పుడు ఒకరికి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరినా లయ జారిపోతుంది, వీడియో కాల్‌లో ఆలస్యం దానికి ఎన్నో రెట్లు. మైకులన్నీ తెరిచి కోరస్ పెడితే వినపడేది రైతుబజారు గోల. నడిపేవాళ్ళు పాట వేస్తారు, మిగతా అందరూ మైకు ఆపుకుని ఎవరింట్లో వాళ్ళు గట్టిగా పాడతారు. వినిపించాల్సినప్పుడు ఒక్కరి మైకే తెరవాలి, అప్పుడు వెనక పాట ఉండకూడదు.

పాట వేసేటప్పుడు జూమ్‌లో స్క్రీన్ షేర్ విండో కింద "షేర్ సౌండ్" టిక్ పెట్టాలి. మీట్‌లో అయితే మొత్తం స్క్రీన్ కాకుండా క్రోమ్ ట్యాబ్‌ని షేర్ చెయ్యాలి, ఆడియో స్విచ్ వేసి ఉందో లేదో చూసుకోవాలి. ఇది మర్చిపోతే పాట మీ స్పీకర్లోంచి మైకులోకి వెళ్ళి, అవతల నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఇంకో చిక్కు: గొంతు సాగదీసి పాడుతుంటే యాప్ దాన్ని ఫ్యాను చప్పుడనుకుని తుంచేస్తుంది. దీర్ఘాలు మాయమైపోతాయి. జూమ్ ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఆన్ చేస్తే ఈ తుంచుడు ఆగుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు వాడితే పాట నాణ్యత పడిపోతుంది, ఆలస్యమూ పెరుగుతుంది. వైరు ఇయర్‌ఫోన్ మేలు. బీచ్ రోడ్డులో వాకింగ్ చేస్తూ క్లాసుకి వచ్చేవాళ్ళు వినొచ్చు గానీ మైకు తెరవకూడదు, గాలి హోరు తప్ప ఏమీ రాదు.

ఏ పాట ఎంచుకోవాలి

బ్యాచ్‌లో అందరికీ నచ్చిన పాట ఎంచుకుంటే మొదటి పాటే కొండెక్కి కూర్చుంటుంది. నచ్చడం రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: ఒక్కో మాత్రకి (ఒక హ్రస్వం పలికేంత సేపుకి) ఒక్కో స్వరం ఉందా లేదా? పాత పాటల్లో, పిల్లల పాటల్లో, నెమ్మది పాటల్లో ఎక్కువగా ఉంటుంది. కొత్త పాప్ పాటల్లో రెండు మూడు మాత్రల్ని ఒక్క స్వరంలో కుక్కేస్తారు. పరీక్ష తేలిక. యూట్యూబ్‌లో వేగం 0.75 పెట్టి సబి వినిపించండి. సబికి ముందుండే రెండు భాగాల్ని అక్కడ ఎ మెలో, బి మెలో అంటారు. కొత్తగా చేరినవాళ్ళు సాహిత్యం చూస్తూ మాత్రకో చప్పట్టు కొట్టాలి. రెండుసార్లు ప్రయత్నించినా దారి తప్పితే ఆ పాట పక్కన పెట్టేయండి. నిమిషానికి 70 నుంచి 100 బీట్ల మధ్య ఉన్నవి మొదటి మూడు నాలుగు పాటలకి బావుంటాయి. ఎంక అనే పాతకాలపు తరహా జపనీస్ పాటలు వద్దు, ఒక్క అచ్చుని నాలుగైదు గమకాలు తిప్పి పాడతారు, మాత్ర ఎక్కడ మొదలై ఎక్కడ అయిందో తెలీదు. వోకలాయిడ్ (కంప్యూటర్ గొంతుతో పాడించే) పాటలు వేగం వల్ల వద్దు. సగం ఇంగ్లీషు ఉన్న పాటలు దండగ.

అనిమే ఓపెనింగులు టీవీలో వచ్చే రూపంలో ఇంచుమించు 90 సెకన్లు ఉంటాయి. రెండు వారాలకి అంతే చాలు, నాలుగు నిమిషాల పూర్తి పాట ఎత్తుకోకండి. ఎన్‌హెచ్‌కేలో (జపాన్ ప్రసార సంస్థ) 1961 నుంచి వస్తున్న "మిన్న నొ ఉత" కార్యక్రమంలోని పాటలు కూడా చిన్నవి, మాటలు స్పష్టంగా ఉంటాయి.

1961లోనే వచ్చిన సకమొతొ క్యూ పాట "ఉఎ ఒ ముఇతె అరుకో" చాలా బ్యాచ్‌లకి మొదటి పాట. 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది, అక్కడ దానికి సుకియాకి అని కూర పేరు తగిలించారు, పాటకీ కూరకీ ఏ సంబంధమూ లేదు. పేరులోనే పాఠం ఉంది. ఉఎ అంటే పైన. ఒ మన ద్వితీయా విభక్తి చేసే పని చేస్తుంది. ముఇతె అంటే తిరిగి. అరుకో అంటే నడుద్దాం. "పైకి తిరిగి నడుద్దాం", మాట తర్వాత మాట తెలుగు వరసే. అయితే ఆయన గొంతు అచ్చుల్ని విరిచి, మధ్యలో "హ" లాంటి ఊపిరి తగిలిస్తూ పాడుతుంది. పాట విని ఉచ్చారణ నేర్చుకున్నవాళ్ళు ఆ విరుపుని కూడా నేర్చేసుకుంటారు. చదవడం ముందు, పాడటం వెనక అనేది ఇందుకే.

మొదటి క్లాసు: చెవి

సాహిత్యం చూపించకండి. వీడియో కూడా వద్దు, స్క్రీన్ నల్లగా ఉంచి సబి మూడుసార్లు వినిపించండి. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి, చెవిన పడ్డ ముక్కల్ని హిరగనలో రాయాలి. హిరగన తడబడేవాళ్ళు తెలుగులో రాసుకోవచ్చు, రోమాజీలో మాత్రం వద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒ, ఓ తేడా ఉండదు, ఎ, ఏ తేడా ఉండదు. తెలుగు లిపిలో రెండూ ఉన్నాయి, ఆ సుఖం వదులుకోవడం దేనికి? అయితే తెలుగు రాత మొదటి పాట వరకే. రెండో పాటకి కూడా అదే పట్టుకుని వేళ్ళాడితే హిరగన చదివే వేగం రాదు.

మూడోసారికి ఖాళీల కాగితం ఇవ్వండి. ఎనిమిది లైన్లలో పది ఖాళీలు. ఖాళీలు నామవాచకాల దగ్గర పెట్టకండి. కల, కన్నీళ్ళు, ఆకాశం, గాలి, రేపు, నువ్వు: యుమె, నమిద, సొర, కజె, అషిత, కిమి. ఈ ఆరూ లేని జపనీస్ పాప్ పాట దొరకడం కష్టం, వినకుండానే పూరించేస్తారు. ఖాళీలు గ, ఒ, ని, దె, తొ అనే విభక్తుల దగ్గర, క్రియ చివర్ల దగ్గర పెట్టండి. పాటలో ఇవి పొట్టి స్వరాల మీద పడి వినీవినపడకుండా పోతాయి, వాక్యం మొత్తం నడిచేదేమో వీటి మీదే.

రెండో క్లాసు: మాత్ర

ఛందస్సులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు అని బళ్ళో చదువుకున్నదే ఇక్కడ అక్కరకొస్తుంది. జపనీస్ నడిచేది మాత్రల మీదే. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, ద్విత్వంలో ఆగే ముక్కకి ఒకటి, పొల్లు న్‌కి ఒకటి. ఈ లైను చూడండి:

అ-మె-గ, య-న్-దె, సొ-ర-గ, హ-రె-త.

వాన ఆగి, ఆకాశం తేటపడింది. మూడేసి మాత్రలు నాలుగుసార్లు, మొత్తం పన్నెండు. అందరూ తప్పేది రెండో ముక్కలో. "యందె" అని రెండు స్వరాలకే సరిపెట్టేసి, "సొర" దగ్గరికి ఒక స్వరం ముందే వచ్చేస్తారు. న్‌కి దాని స్వరం దానికి ఇవ్వాలి, నోరు మూసి ముక్కుతో ఆ స్వరం మోయాలి. "నిహొన్" అనే మాటకి మూడు స్వరాలు: ని, హొ, న్.

వేళ్ళతో లెక్కపెడుతూ చదివించండి, మాత్రకో వేలు. మొదట నెమ్మదిగా సెకనుకి మూడు, తర్వాత అయిదు. మామూలుగా మాట్లాడే జపనీస్ ఏడు దాకా వెళుతుంది. పాట వేగంలోనే ఆగిపోయినవాళ్ళకి మనుషులు మాట్లాడేది అర్థం కాదు, కాబట్టి అయిదు దాటించాకే వదలండి.

మాత్ర తప్పితే అర్థం కూడా తప్పుతుంది. ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే అమ్మమ్మ. బిరు భవనం, బీరు తాగేది. కితె అంటే వచ్చి, కిత్తె అంటే పోస్టు స్టాంపు.

తెలుగు నోటికి సులువైనవీ ఉన్నాయి. త్సు కోసం చాలామంది అవస్థ పడతారు. "చుక్క" అన్నప్పుడు మన చు దంతాల మీద పలుకుతుందే, దాదాపు అదే, మూతి కొంచెం తక్కువ ముడవాలి. చి మాత్రం చిలకలో చి. ర మన ర లాగే ఒక్క దెబ్బతో పలుకుతుంది. పాత గాయకులు మాట మధ్యలో గ ని ఙ లా పలుకుతారు, మన అక్షరమాలలో ఉన్నా వాడని అక్షరం అక్కడ వినపడుతుంది, కంగారుపడక్కర్లేదు.

ఇక సరిదిద్దాల్సినవి. ఇంగ్లీషు నుంచి వెళ్ళిన మాటల్లో మనం ట, డ పెట్టేస్తాం: టెరెబి, డోఆ. జపనీస్‌లో ట లేదు, తెరెబి, దొఅ అనాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి హొన్ (పుస్తకం) ని "హొన్ను" చేస్తాం, పెన్ను, బస్సు అన్న అలవాటు. షి ని "సి" అనేవాళ్ళకి శివుడిలోని శి గుర్తుచేయండి. ఫు కి పై పళ్ళు కింది పెదవికి తగలకూడదు, వేడి టీ ఊదుకున్నట్టు రెండు పెదాల మధ్య నుంచి గాలి వదలాలి. హిరగనలో హ అని రాసి ఉన్నా విభక్తిగా వస్తే వ అని చదవాలి. ఈ ఒక్కటి మొదటి నెలంతా చెబుతూనే ఉండాల్సి వస్తుంది.

పాట నేర్పలేనిది స్వరస్థాయి. మాటలో అమె అన్నప్పుడు అ ఎత్తి మె దించితే వాన, అ దించి మె ఎత్తితే చప్పరించే మిఠాయి. పాటలో ఎత్తు పల్లాలు రాగం ఇష్టం, మాటవి కావు. యమద కోసకు లాంటి పాతతరం స్వరకర్తలు మాట ఎత్తుపల్లాల్ని బట్టే బాణీ కట్టేవారు గానీ ఇప్పటి పాప్‌లో ఆ పట్టింపు లేదు. దెసు, సుకి లాంటి మాటల్లో కూడా ఇదే చిక్కు: మాట్లాడేటప్పుడు ఉ మింగేసి "దెస్", "స్కి" అంటారు, పాటలో స్వరం మోయాలి కాబట్టి నిండుగా పాడతారు. పాటలోదే నిజమనుకుంటే జీవితాంతం "దెసూ" అని సాగదీస్తారు. అందుకని రెండో క్లాసు చివరి పావుగంట పాట ఆపేసి, ఆ ఎనిమిది లైన్లనీ మామూలు మాటల్లా చదివించాలి. టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళ ఓజాద్ అనే ఉచిత సైట్‌లో వాక్యం పెడితే ఎత్తుపల్లాల గీత గీసి, చదివి కూడా వినిపిస్తుంది.

మూడో క్లాసు: తెలుగులో పెట్టడం

ఇంగ్లీషు అనువాదం చూడొద్దని మొదటే చెప్పండి. జపనీస్‌ని ఇంగ్లీషులోకి తిప్పి, అక్కడి నుంచి తెలుగులోకి తెచ్చుకుంటే వాక్యం రెండుసార్లు తలకిందులవుతుంది. సూటిగా తెలుగులో పెడితే చాలాసార్లు వరసే మారదు. కర నుంచి, మదె వరకు, ని కి, దె లో. తొ కొన్నిచోట్ల తో, కొన్నిచోట్ల అని: "సయొనర తొ ఇత్తె" అంటే వీడ్కోలని చెప్పి. వాన ఆగి అన్నప్పటి ఆ "ఆగి" రూపమే తె రూపం, తెలుగువాళ్ళకి విడిగా బోధించాల్సిన పని లేదు. దాని మీద కట్టే క్రియలు ఇంకా దగ్గర. తబెతె మిరు: తిని చూడటం. వసురెతె షిమత్త: మర్చిపోవడం అయిపోయింది, అంటే మర్చిపోయాను. "మో ఇచిదొ అత్తె మితఇ" అంటే ఇంకోసారి కలిసి చూడాలనుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ఈ లైను దగ్గర తెలుగే పట్టుకుంటారు.

తెలుగు ఎదురు తిరిగేచోటు ఒకటుంది, బ్యాచ్‌లో గొడవలన్నీ అక్కడే. "ఎకి దె వకరెత." ఎకి రైల్వే స్టేషను, దె లో, వకరెత విడిపోవడం జరిగిపోయింది. ఎవరు? విడిపోయానా, విడిపోయాడా, విడిపోయిందా, విడిపోయామా? జపనీస్ క్రియకి మనిషిని బట్టి రూపం మారదు. కర్తని పాటలో చెప్పరు. తెలుగులో క్రియ చివర ఎవరో తేల్చకుండా వాక్యం పూర్తవదు. మొదటి లైనుకే తేల్చేస్తే మిగతా పాటంతా ఆ తప్పు మీదే కూర్చుంటుంది. మిషన్ అనువాదాలు, అభిమానుల అనువాదాలు చేసేది అదే, తోచిన కర్తని పెట్టేస్తాయి.

విరుగుడు: మొదటి విడతలో క్రియలన్నీ "విడిపోవడం", "ఎదురుచూడటం" అని భావార్థకంలో రాయించండి. సబి అయ్యేదాకా కర్తని తేల్చొద్దు. ఆ తర్వాత ఆధారాలు వెతకాలి. బొకు, ఒరె, వతషి పాడేవాళ్ళని చూపిస్తాయి, కిమి, అనత, ఒమఎ ఎదుటివాళ్ళని. బొకు మగవాళ్ళ మాటే అయినా ఆడగొంతుతో పాడే పాటల్లో కూడా వస్తుంది, దాన్నిబట్టి ఆడా మగా తేల్చకండి. అన్నిటికన్నా గట్టి ఆధారం కురెత. "మత్తెతె కురెత" అని ఉంటే ఎదురుచూసింది అవతలివాళ్ళు, ఆ ఆదరం అందుకున్నది పాడేవాళ్ళు. కురెత ఎక్కడ ఉందో ఎర్రపెన్నుతో గుర్తుపెట్టిస్తే సగం గొడవలు ఆగిపోతాయి.

ఇంకోటి: "కికొఎరు కిమి నొ కొఎ గ". క్రియ ముందొచ్చేసింది. వినిపిస్తోంది నీ గొంతు, మన సినిమా పాటల్లో ఉన్న తిరగేసిన వాక్యమే. కానీ చివరి గ తీసేసి "కికొఎరు కిమి నొ కొఎ" అంటే వినిపించే నీ గొంతు, వాక్యం ఇంకా పూర్తవలేదు. తెలుగులో వినిపిస్తోంది, వినిపించే అని రెండు రూపాలు, జపనీస్‌లో రెండిటికీ కికొఎరు ఒక్కటే. లైను చివర గ, ఒ లాంటిది వేళ్ళాడుతుంటే తిరగేసిన వాక్యమని పట్టుకోవచ్చు.

సాహిత్యంలో రాసింది ఒకటి, పాడేది ఒకటి అయితే చెవిని అనుమానించకండి. విధి అనే కంజి రాసి సదమె అని పాడతారు, విశ్వం అని రాసి సొర అని పాడతారు. ఫురిగన ఉన్న సాహిత్యమే చూడమన్నది ఇందుకు కూడా. మాటగా నేర్చుకునేటప్పుడు ఆ కంజికి మామూలు ఉచ్చారణ నిఘంటువులో చూసుకోవాలి.

నాలుగో క్లాసు: మన మాటలు, తర్వాత పాట

పాట నుంచి మూడు వాక్య చట్రాలు ఏరుకోండి, మూడే. వాటిలో మన ఊరు పెట్టి మాట్లాడించండి. "సింహాచలం ని నొబొత్తె మితఇ", సింహాచలం ఎక్కి చూడాలనుంది. "రుషికొండ దె అమె గ ఫుత్తెరు", రుషికొండలో వాన పడుతోంది. "బసు గ ఇచ్చత్త", బస్సు వెళ్ళిపోయింది. ఒక్కొక్కరూ ఒక్కో చట్రంతో రెండేసి వాక్యాలు, రాసుకోకుండా. పట్టేది పాతిక నిమిషాలు. పద్ధతి మొత్తంలో ఎగ్గొట్టకూడని భాగం ఇదే, టైము చాలక అందరూ ఎగ్గొట్టేదీ ఇదే.

ఇచ్చత్త అనేది ఇత్తె షిమత్త అరిగిపోయిన రూపం. పాటల్లో నిండు రూపాలకన్నా ఇవే ఎక్కువ: తెఇరు బదులు తెరు, తెషిమౌ బదులు చౌ, తెఒకు బదులు తొకు, నకెరెబ బదులు నక్య. ఈ నాలుగు జతలూ నోట్‌బుక్ అట్ట లోపల రాసుకుంటే నిఘంటువులో దొరకని మాటలు చాలావరకు విడిపోతాయి.

పాటల్లో కిమి, ఒమఎ వింటూ పెరిగిన నోటితో అచ్యుతాపురంలో యొకోహామా టైర్ల ఫ్యాక్టరీకి వచ్చిన జపాన్ మేనేజరుని కిమి అని పిలిస్తే, కొత్త ఆఫీసరుని "ఏంట్రా" అన్నంత పనవుతుంది. పేరు చివర సన్ చేర్చి పిలవడమే మర్యాద. పాటల్లో దెసు, మసు రూపాలు తక్కువ, బయట ముక్కూమొహం తెలియనివాళ్ళతో అవే వాడాలి. కాబట్టి చట్రాల వాక్యాలు రెండోసారి చెప్పించేటప్పుడు మసు రూపంలోకి మార్చి చెప్పించండి: ఇచ్చత్త కాస్తా ఇత్తె షిమైమషిత అవుతుంది.

మాటల మూట పన్నెండు నుంచి పదిహేను దాటకూడదు. జిషో అనే ఉచిత నిఘంటువు సైట్‌లో మాట పక్కన జపనీస్ ప్రావీణ్య పరీక్ష అయిన జెఎల్‌పీటీ స్థాయి ఉంటుంది. ఎన్5, ఎన్4 (అన్నిటికన్నా తేలికైన రెండు స్థాయిలు) అని ఉన్నవి ఆంకీ అనే యాప్ కార్డుల్లో వేసుకోండి, మిగతావి పాట వరకు తెలిస్తే చాలు. కార్డు మీద ఒంటరి మాట రాయకండి, పాటలోని ముక్క రాయండి, బాణీతో సహా గుర్తొస్తుంది.

జెఎల్‌పీటీ సంగతి ఒక్క మాట. జూలై, డిసెంబరు మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. ఎన్5కి 180లో 80 రావాలి, అందులో వినికిడికి 60లో 19, మిగతా భాగానికి 120లో 38 విడిగా రావాలి. పాటల బ్యాచ్ వినికిడికీ తె రూపాలకీ బాగా తోడ్పడుతుంది. అంకెలు, టైము, తేదీలు, వస్తువుల్ని లెక్కపెట్టే ప్రత్యయాలు పాటల్లో దాదాపు రావు, పరీక్షలో అడుగు అడుగునా వస్తాయి. వాటికి పాఠ్యపుస్తకం పట్టుకోవాల్సిందే.

ఇక పాడటం. చివరి ఇరవై నిమిషాలు. మైకులు ఆపుకుని వేగం 0.75 మీద ఒకసారి, మామూలు వేగం మీద రెండుసార్లు. తర్వాత జపాన్‌లో ఆఫ్ వోకల్ అనే, గొంతు తీసేసిన ట్రాక్ మీద ఒకసారి. చాలా సింగిల్స్‌తో ఈ ట్రాక్ కలిపే వస్తుంది. ఒక్కొక్కరూ ట్రాక్‌ని ఇయర్‌ఫోన్‌లో వింటూ, గొంతు మాత్రం ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపుకి పంపాలి. నడిపేవాళ్ళు అందులో రాగం తప్పుల్ని వదిలేసి మాత్ర తప్పుల్నే చెప్పాలి: పొల్లు న్ మింగారా, ద్విత్వం దగ్గర ఆగారా, దీర్ఘం కోశారా. శ్రుతి తప్పిందని ఒక్కసారి అంటే ఆ మనిషి మళ్ళీ మైకు తెరవరు.

కోరస్ కావాలని ముచ్చటపడితే అందరూ ట్రాక్ మొదలయ్యే క్షణాన ఒక చప్పట్టు కొట్టి రికార్డు చెయ్యాలి. ఫైలుని వాయిస్ నోట్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, వాయిస్ నోట్ అయితే నాణ్యత తగ్గించేస్తుంది. బ్యాండ్‌ల్యాబ్‌లోనో ఆడాసిటీలోనో అన్ని చప్పట్లూ ఒకే గీత మీదికి జరిపితే గొంతులు కలుస్తాయి. ఎవరి గొంతు ముందుకి జారిందో అక్కడ అలల గీతలో కంటికే కనపడుతుంది. ఎక్కువసార్లు అది పొల్లు న్ ఉన్న చోటే.